గాలిలో ఆగిన తోడేలు

కొత్తపట్నంలో ఒక యింట సాయంకాలం వేళ తాత, ఆరేళ్ల మనుమడు టెలివిజన్ ముందు కూర్చుని పాత కార్టూను చిత్రం చూస్తున్నారనుకుందాం. పక్షిని తరుముతూ తోడేలు వంటి జంతువొకటి కొండ అంచు దాటి గాలిలోకి పరుగెత్తింది. పడలేదు! గాలిలోనే నాలుగడుగులు వేసి, ఆగి, క్రిందికి చూచింది. కాళ్లక్రింద నేల లేదని తెలిసిన తరువాతనే నిట్టనిలువుగా లోయలో పడింది. మనుమడు విరగబడి నవ్వాడు. తాతకూ నవ్వు ఆగలేదు. ఈ నవ్వుకు కారణమేమిటి?

ఆ జంతువు పేరు కొయోట్. అమెరికాలో చక్ జోన్స్ 1949లో దానిని, రోడ్ రన్నర్ పక్షిని తెరమీదికి తెచ్చాడు. నిజానికి తెరమీద పరుగెత్తేది ఏదీ లేదు. ఫిల్ముమీద సెకనుకు 24 నిశ్చల చిత్రాలుంటాయి. ఏడు నిమిషాల చిత్రానికి 10,080 కావాలి. త్వరత్వరగా మారే బొమ్మలను మన మెదడే చలనంగా గ్రహిస్తుంది. బొమ్మ గీసేవాని కుంచెకు భూమ్యాకర్షణతో పనిలేదు.

నిజమైన కొండమీద యిట్లా జరగదు. అంచు దాటిన క్షణంనుంచే వస్తువు పడడం మొదలవుతుంది. మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకన్లలో 19.6 మీటర్లు పడుతుంది. అదే సమయంలో ముందుకు కూడ సాగుతుంది గనుక దాని మార్గం వంపు తిరుగుతుంది. దీనినే పరావలయమంటారు. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలో దీనిని వివరించాడు. ఇంటిలోనే దీనిని పరీక్షించవచ్చు. బల్ల అంచునుంచి ఒక నాణేన్ని వేలితో ముందుకు చిమ్మి, అదే క్షణంలో అదే ఎత్తునుంచి మరొకదానిని జారవిడవండి. రెండూ ఒక్కసారే నేలను తాకిన చప్పుడు వినబడుతుంది.

ఆధారం లేని వస్తువు పడుతుందని పిల్లలకు చాల చిన్నతనంలోనే తెలుసు. ఆధారం లేకుండ నిలిచినట్లు కనిపించే పెట్టెను కొద్ది నెలల శిశువులు సైతం ఎక్కువసేపు చూస్తారని మనస్తత్వ శాస్త్రజ్ఞుల ప్రయోగాలు తెల్పుతున్నవి. కనుక మనుమని నవ్వు అజ్ఞానం కాదు. తెలిసిన నియమం తప్పినందువల్లనే ఆ నవ్వు వచ్చింది.

దెబ్బలకు నవ్వడం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కొట్టుకొనేటప్పుడు ఆటగాళ్లు కాలిక్రింది చెక్కలను టపటపమని త్రొక్కుతారు. ఇటలీ ప్రాచీన హాస్యనాటకాలలో రెండు బద్దలు కలిపిన కర్ర వాడేవారు; దాని చప్పుడెక్కువ, నొప్పి తక్కువ. ఆ కర్ర పేరుమీదనే యీ హాస్యానికి ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అన్న పేరు వచ్చింది.

అయితే ఒక మెలకువ అవసరం. లోయలో పడిన కొయోట్ మరుదృశ్యంలో లేచి వస్తుంది. మనిషి ఎముకలకు ఆ వరం లేదు. మూడు మీటర్ల డాబామీదనుంచి పడిన శరీరం నేలను తాకేసరికి దాని వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. ఈ మాట టెలివిజన్ చెప్పదు. ప్రక్కన కూర్చున్న పెద్దవారే చెప్పాలి. ఆట కట్టిపెట్టనక్కరలేదు. కలిసి నవ్వి, "నిజంగా అయితే ఎప్పుడు పడుతుందిరా?" అని అడిగి, రెండు నాణేలు చేతికిస్తే చాలు.