గుండె బిళ్ళ, రాగి సంగటి, గిన్నెడు నీళ్ళు

"కుక్కకి గుండె జబ్బేంట్రా!" అని మా హాస్టల్లో చాలామంది నవ్వారు. వస్తుంది ఫ్రెండ్స్. మడకశిరలో మా ఇంట్లో ఉన్న జిమ్మి పామేరియన్. వయసు పన్నెండేళ్ళు. ఏడాదిగా గుండె మందుల మీదే ఉంది. రోజూ బిళ్ళలు వేసేది మా అవ్వ, సెలవుల్లో ఆ డ్యూటీ నాది. డాక్టర్ని అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

చిన్న జాతి కుక్కలకి వయసు మీదపడ్డాక ఎక్కువగా వచ్చేది మైట్రల్ వాల్వ్ జబ్బు. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం మందంగా మారి సరిగ్గా మూసుకోదు. రక్తం వెనక్కి కారుతుంది. గుండె పెద్దదవుతుంది. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది.

సాధారణంగా రాసే మందులు మూడు రకాలు. పిమోబెండన్ గుండె కండరం గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది. 2016లో వచ్చిన ఎపిక్ అనే అధ్యయనంలో 360 కుక్కలను చూశారు. అన్నీ గుండె పెద్దదైనా ఇంకా ఆయాసం రానివే. ఈ మందు వేసినవాటిలో గుండె ఫెయిల్ అవడం సుమారు 15 నెలలు ఆలస్యమైంది. రెండోది ఫ్యూరోసెమైడ్, అంటే మనకు తెలిసిన లాసిక్స్. ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పంపేస్తుంది. మూడోది ఎనలాప్రిల్ లేదా బెనజెప్రిల్. ఇది గుండె మీద బరువు తగ్గిస్తుంది.

ఇందులో లాసిక్స్, ఎనలాప్రిల్ మనుషులు కూడా వాడేవే, ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతాయి. అసలు రిస్క్ అక్కడే ఉంది. మనిషి డోసు వేరు, ఐదు కిలోల కుక్క డోసు వేరు. సగమా, పావా అన్నది బరువు చూసి, రక్త పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. తాతగారి బీపీ బిళ్ళల షీటు, కుక్క బిళ్ళల షీటు ఒకే డబ్బాలో పెట్టకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్ళు. లాసిక్స్ వేస్తే కుక్క బాగా తాగుతుంది, బాగా పోస్తుంది. ఇల్లంతా తడుపుతోందని కొందరు గిన్నె తీసేస్తారు. మా ఊరు కరువు సీమ, బిందె నీళ్ళ విలువ మాకు బాగా తెలుసు. అయినా ఆ గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండాలి. మందు నీటిని బయటికి పంపుతుంటే తాగడానికి లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, విరేచనాలు అయినా, తిండి మానేసినా, తర్వాతి డోసు వేసేముందు డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

బిళ్ళ ఎలా మింగించాలి? ఇంగ్లీష్ వీడియోల్లో పీనట్ బటర్ అంటారు. అది చూసి మన ఊరుబిండి పెట్టారంటే ప్రమాదం. అందులో ఉప్పు ఉంటుంది, వెల్లుల్లి, ఉల్లి కూడా పడతాయి. ఆ రెండూ కుక్కలకి విషమే. ఉప్పేమో ఒంట్లో నీరు పట్టి ఉంచుతుంది. మా అవ్వ ఉప్పు వేయని రాగి సంగటి గోలీకాయంత ఉండ చేసి మధ్యలో బిళ్ళ పెడుతుంది. పిమోబెండన్ మాత్రం తిండికి గంట ముందు వేయాలి కాబట్టి ఆ ఉండ ఇంకా చిన్నది. పీనట్ బటర్ కొన్నా దాంట్లో జైలిటాల్ ఉందేమో చూడండి, ఆ తీపి పదార్థం కుక్కల ప్రాణం తీయగలదు.

ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట డబుల్ డోసు వేయొద్దు. దగ్గు తగ్గిందని మందు మానేయొద్దు. తగ్గింది ఆ మందు వల్లే. కుంటుతోందని మన ఒళ్ళు నొప్పుల బిళ్ళలు అస్సలు వేయొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకి మామూలుగానే ప్రమాదం. లాసిక్స్, ఎనలాప్రిల్‌తో కలిస్తే కిడ్నీల మీద దెబ్బ మీద దెబ్బ.

మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి యాప్ అక్కర్లేదు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం లెక్కపెట్టండి. ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. 30 లోపు ఉంటే మంచిది. మళ్ళీ లెక్కపెట్టినా 30 దాటుతోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. ఎండాకాలం మధ్యాహ్నం నాలుక చాపి వగరుస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది, కాబట్టి తెల్లవారుజామున చూడటం బెటర్. కూర్చున్నచోటే ఆయాసపడినా, చిగుళ్ళు నీలంగా మారినా, స్పృహ తప్పి పడిపోయినా ఇంక లెక్కలొద్దు, వెంటనే బండెక్కించండి.

అవ్వకి చదువు రాదు. అయినా క్యాలెండర్ మీద బిళ్ళ వేసిన ప్రతి పూటా ఒక గీత పెడుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ క్యాలెండర్ చుట్టి తీసుకెళ్తాం. మీ ఇంట్లో కూడా కుక్క ముసలిదైతే, మందు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్నది ఒకేచోట రాసి పెట్టుకోండి. ఉదయం నాన్న వేసిందే మళ్ళీ అమ్మ వేయకుండా ఉంటుంది.