పసికందుకు ఎన్ని గుడ్డలు?

నెల్లూరు రోహిణి కార్తె ఎండకు పెద్దవాళ్లే అల్లాడిపోతుంటే, పురిటి గదిలో పసికందుకు మాత్రం టోపీ, మేజోళ్లు తొడిగి, పైన మందపాటి టవల్ చుట్టి, కిటికీలు మూసి ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బిడ్డకు గాలి తగలకూడదన్న ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పుట్టిన బిడ్డ తడి ఒంటితో చాలా త్వరగా చల్లబడిపోతుంది. అందుకే కాన్పు గది 25 డిగ్రీలకు తగ్గకూడదనీ, బిడ్డను వెంటనే తుడవాలనీ, మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆపాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిక్కల్లా మొదటి గంటల జాగ్రత్తను నెలల తరబడి, నడివేసవిలోనూ పాటించడంతోనే. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఉక్కపోస్తే తనంతట తాను దుప్పటి తోసేసుకోలేదు, పెద్దవాళ్లంతగా చెమటా పట్టదు. అతివేడి నిద్రలోనే ప్రాణం పోయే ముప్పును పెంచుతుంది. అరచేతులు చల్లగా ఉన్నాయని ఇంకో గుడ్డ కప్పడం పొరపాటు. పసిపిల్లల చేతులు, పాదాలు మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయి. పొట్టనో, మెడ వెనకనో తాకి చూడాలి. అక్కడ వేడిగా, చెమటగా ఉంటే ఒక గుడ్డ తీసెయ్యాలి. మే నెలలో పలచని నూలు జుబ్బా ఒక్కటి చాలిన బిడ్డకే, నవంబరు ముసురులో మరో పొర కావాల్సి వస్తుంది. ఎన్ని గుడ్డలన్నది ఆచారం కాదు, బిడ్డ ఒళ్లు చెప్పాలి.

పాత నూలు చీర చింపి పొత్తిగుడ్డలు చేసుకోవడం మాత్రం మన పెద్దల మంచి అలవాటే. ఉతికి ఎండలో ఆరేసిన ఆ మెత్తదనం కొత్త సింథటిక్ బట్టకు రాదు. తప్పు గుడ్డలో లేదు, దాన్ని బిడ్డకు చుట్టే బిగింపులో ఉంది. గట్టిగా కట్టకపోతే కాళ్లు వంకరపోతాయంటారు గానీ, కడుపులో ముడుచుకుని పెరిగిన కాళ్లు వాటంతటవే సాగుతాయి. బలవంతంగా చాపి కడితే తుంటి కీలు పక్కకు జరగవచ్చు. జపాన్‌లో 1975 ప్రాంతంలో ఈ బిగింపును మాన్పించే ప్రచారం జరిగాక తుంటి జారే కేసులు బాగా తగ్గాయి. కాళ్లు కప్పలా ముడుచుకునేంత వదులు ఉండాలి, రొమ్ము దగ్గర రెండు వేళ్లు దూరాలి, ముఖం మీదికి గుడ్డ రాకూడదు. మెడలో తాయెత్తు తాడు ఉంటే నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది, తీసెయ్యండి.

చుట్టిన బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. పాలు కక్కితే పొలమారదా అంటే, వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్నవాహిక పైన ఉంటుంది, కక్కిన పాలు అందులోకి పోవడం కష్టం. 2016లో నాలుగు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చుట్టి బోర్లా పడుకోబెట్టిన బిడ్డలకు నిద్రలో చనిపోయే ముప్పు దాదాపు 13 రెట్లు కనిపించింది. బిడ్డ బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం మానెయ్యాలి.

నెలలు నిండని బిడ్డ సంగతి వేరు. చర్మం పలచన, కొవ్వు తక్కువ; ఎన్ని గుడ్డలు చుట్టినా తనలో పుట్టని వేడిని గుడ్డ ఇవ్వలేదు. ఆ వేడి తల్లి ఒంటి నుంచి రావాలి. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ మదర్ కేర్ ఇదే: లంగోటా, టోపీతో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా నిలువుగా కట్టుకోవడం. మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, 1.8 కిలోల లోపు బిడ్డలకు దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెడితే నెలలోపు మరణాలు నూటికి 15.7 నుంచి 12కు తగ్గాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు అవసరమంటే, ఆపరేషన్ అయిన బాలింతకు అంత ఓపిక ఎక్కడిదని అడగడం న్యాయమే. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ వంతులేసుకోవచ్చు. మగవాడు చొక్కా విప్పి బిడ్డను ఎత్తుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2021 నవంబరులో పెన్నా నదికి వచ్చినలాంటి వరద రోజుల్లో కరెంటు పోయినా ఈ వెచ్చదనం ఆగదు.

నెలలు నిండని బిడ్డను ఆస్పత్రిలో బోర్లా పడుకోబెట్టారు కదా అని ఇంట్లోనూ అలా చెయ్యకండి. అక్కడ గుండె, ఊపిరి కనిపెట్టే మానిటర్లుంటాయి. చీర ఉయ్యాలలో ఈ పిల్లల మెడ వంగి ఊపిరి అందకపోవచ్చు, గట్టి చదును పరుపే మేలు. బిడ్డ ఒళ్లు చల్లబడినా, కాలిపోతున్నా, పాలు తాగడం మానేసినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి. చల్లబడిన బిడ్డనైతే దారి పొడవునా తల్లి గుండెకే ఆనించి తీసుకెళ్లండి.