దరఖాస్తులో ఖాళీ గడులు

తండ్రి పేరు, ఇంటి చిరునామా, కులం, ఆదాయం... బడిలో చేర్చేటప్పుడు ఇవన్నీ నింపడం అమ్మానాన్నలున్న పిల్లలకి అయిదు నిమిషాల పని. అనాథాశ్రమంలో పెరిగే పిల్లలకి మాత్రం ప్రతి గడీ ఓ ప్రశ్నే.

కులం గడికి మన దగ్గర ఓ జవాబుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అనాథల్ని బీసీ-ఎ జాబితాలో చేర్చారు. ఆ విభాగానికి 7 శాతం రిజర్వేషన్. కాకపోతే షరతులున్నాయి. పదేళ్లు నిండకముందే కన్నవాళ్లని పోగొట్టుకుని ఉండాలి. ఆదుకునే బంధువులు ఉండకూడదు. ప్రభుత్వ ఆశ్రమంలోనో గుర్తింపు ఉన్నదాంట్లోనో చేరి ఉండాలి. మరి పదకొండో ఏట అనాథ అయితే? ఆ కష్టం నిబంధనకి పట్టదు!

అసలు బడికి దూరమైన అనాథలు ఎందరో తేల్చమని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో రాష్ట్రాలను ఆదేశించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు కేటాయించే 25 శాతం సీట్లలో వాళ్లకీ చోటివ్వమంది. ఈ వ్యాజ్యం వేసింది లక్నో న్యాయవాది పౌలోమి పావిని శుక్లా, 2018లో. చట్టమేమో 2009 నాటిది.

ఎలాగోలా ఇంటర్ దాకా వచ్చారనుకోండి. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి, ఆశ్రమం వదలాల్సిందే. 2015 బాలల న్యాయచట్టం 21 ఏళ్లు వచ్చేవరకూ ఆర్థికసాయానికి వీలు కల్పించింది. మూడేళ్ల డిగ్రీకైతే సరే, నాలుగేళ్ల ఇంజినీరింగ్‌కి? ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించొచ్చని నిబంధనలున్నాయి. ఆ సంగతి పిల్లలకి చెప్పేవాళ్లుండాలి.

ఇక, సంక్రాంతికి కాలేజీ హాస్టల్ మూసేస్తారు. అందరూ ఊళ్లకి బస్సెక్కుతారు. వీళ్లు వార్డెన్‌ని బతిమాలుకోవాలి.