పాటను వీడని దేశము

ఐరోపా ఖండమున, బాల్టిక్ సముద్రపు తూర్పుతీరమందు ఎస్టోనియా యను చిన్న దేశము కలదు. దాని వైశాల్యము సుమారు 45 వేల చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 14 లక్షలకు లోపు. భూమిలో సగము అడవులే. అన్నిటికంటె ఎత్తయిన కొండ 318 మీటర్లు మాత్రమే. శత్రువు నాపగల పర్వతములు లేని యీ నేలపై పొరుగు రాజ్యములు పలుమారులు దండెత్తినవి.

రాజధాని టాలిన్ నగరము ఫిన్లాండ్ సింధుశాఖ యొడ్డున నున్నది. దానిని 1219లో డెన్మార్కు రాజు జయించెను. 1346లో డేనులు ఆ ప్రాంతమును జర్మను యోధసంఘమునకు విక్రయించిరి. 1561లో స్వీడను, 1710లో రష్యా దానిని వశపరచుకొనెను. తూంపియా కొండపై ప్రభువులు, దిగువ పట్టణమున జర్మను వర్తకులు నివసించిరి. నాటి ప్రాకారములు, బురుజులు నేటికిని చాలవరకు నిలిచియున్నవి.

ఆ కోటల నేలినవారు వేరు. నేల దున్నినవారు వేరు. రైతుల భాష ఎస్టోనియను. అది ఫిన్నిషు భాషకు తోబుట్టువు. జర్మను, రష్యను భాషలతో దానికి చుట్టరికము లేదు. తెలుగునందువలెనే అందును నామము చివర ప్రత్యయములు చేరును, విభక్తులు పదునాలుగు. పెక్కుకాలము అది పల్లెవారి భాషగనే యెంచబడెను.

ఒకప్పుడు బడిపంతులుగా నుండి, పిమ్మట పత్రికాసంపాదకుడైన యోహాన్ వోల్డెమార్ యాన్సెన్ 1869లో టార్టు పట్టణమున తొలి గానోత్సవమును నడపెను. అతని కుమార్తె లిడియా కోయిడులా కవయిత్రి. ఆమె గీతములు రెండు ఆ యుత్సవమున పాడబడినవి.

1918లో దేశము స్వతంత్రమయ్యెను. కాని 1940లో సోవియట్ సేనలును, మరుసటి యేట జర్మనులును, 1944లో మరల సోవియట్ సేనలును దానిని ఆక్రమించిరి. 1949 మార్చిలో ఇరువదివేలమందికి పైగా ప్రజలు సైబీరియాకు తరలింపబడిరి. వారిలో పెక్కుమంది స్త్రీలు, పిల్లలు. కోయిడులా రచించిన మాతృభూమి గీతమునకు గుస్తావ్ ఎర్నెసాక్స్ కట్టిన క్రొత్త వరుస 1947 ఉత్సవమున వినబడెను. తరువాత ప్రభుత్వము దానిని తొలగించెను. అయినను 1960లో, కార్యక్రమమున లేని ఆ పాటను గాయకులు తమంత తామే యెత్తుకొనిరి.

సోవియట్ పట్టు సడలిన 1988లో, టాలిన్ గానోత్సవ ప్రాంగణమున ప్రజలు రాత్రులు పాడుచు స్వేచ్ఛను కోరిరి. 1991 ఆగస్టు 20న ఎస్టోనియా తన స్వాతంత్ర్యమును పునరుద్ధరించుకొనెను. నేటికిని సాధారణముగా ఐదేండ్ల కొకమారు జరుగు ఉత్సవమున, వేలకొలది గాయకులు ఆ మాతృభూమి గీతమునే ఎలుగెత్తి పాడుచున్నారు.