బొమ్మలకు నీడ దిద్దుట

దసరాకో సంక్రాంతికో కొలువు తీర్చునపుడు అటకమీది పెట్టెలనుండి దించిన బొమ్మలలో కొన్ని వెలవెలబోయి యుండుట మనమెల్లర మెఱిగినదే. వానికి మరల కళ తెచ్చుటకై అంగడినుండి చిక్కని రంగుడబ్బా తెచ్చి పూయుట పెక్కిండ్లలో వాడుకయైనది. అందువలన బొమ్మ క్రొత్తదిగా కనబడుట నిజమే. కాని కనురెప్పల గాడి, పెదవుల నడిమి గీత, చీర కుచ్చెళ్ల మడతలు ఆ రంగుక్రింద పూడిపోవును. చెక్కినవాని నేర్పంతయు ఒక్కపూటలో మఱుగుపడును. ఇందుకు మాఱుగా పలుచని పూతలతో నీడ దిద్దు పద్ధతి యొకటి కలదు. కొన్నియేండ్లుగా మా కొలువునకు దానినే వాడుచున్నాము గనుక ఆ వివరము వ్రాయుచున్నాము.

చిన్నబొమ్మకు నీడ యేల యని కొంద ఱడుగుదురు. గుడిలోని శిల్పమునకు వెలుగే నీడలు కల్పించును. జానెడు బొమ్మమీది మడతకు వడ్లగింజ మందమైనను లోతుండదు. పైగా నేటి కొలువులలో నన్నివైపుల విద్యుద్దీపములే. ఉన్న కొద్దిపాటి నీడయు వానితో చెదరిపోవును. కావున వెలుగు చేయలేని పనిని కుంచె చేయవలసియున్నది. ఇది నేటి యూహ కాదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము ఈ పనికి వర్తన మని పేరిడి, మూడు తెఱగులుగా విభజించినది. అందొకటి చుక్కలతో చేయునది. గోడమీది చిత్రమునకు లేని గుండ్రదనమును తెచ్చుట కష్టము. బొమ్మకు గుండ్రదనము ముందే యున్నది గనుక మన పని సులభము.

పూతలు రెండు విధములు. రంగులో ఆఱేడు పాళ్లు నీరు కలిపి, నిండుకుంచెతో మడతలపై వదలునది మొదటిది. దీనిని మేము పారుపూత యందుము. నీరు పల్లమెఱుగును గదా! రంగు తనంత తానే మడతలలోనికి దిగి, నీరాఱిన పిమ్మట అచటనే నిలిచిపోవును. మిట్టలు తేటగా మిగులును. రెండవది పొరపూత. ఇందును రంగు పలుచనిదే. కాని కుంచెను గుడ్డపై నొత్తి, చెమ్మ మాత్రమే మిగిల్చి, కావలసినచోట పఱచవలయును. ఒక్క పొర కంటి కానదు. నాలుగైదు పొరలు, దేనికది ఆఱిన మీదట, ఒకదానిపై నొకటి చేరగా క్రిందిరంగు కనబడుచునే వన్నె మాఱును.

పసుపుపచ్చని చీర కట్టి రోకలి పట్టిన స్త్రీబొమ్మ యున్నదనుకొందము. అడుగురంగు ఒక రాత్రియెల్ల ఆఱవలయును. పిదప కుచ్చెళ్లపై కావిరంగు పారుపూత వదలి, అంచున బొట్టుగట్టిన దానిని పొడికుంచె మొనతో పీల్చివేయవలయును. ఇక దానిని ముట్టరాదు. సగమాఱినచోట మరల కుంచె పెట్టినచో నీటిమరకవలె చుట్టును గీత కట్టును. ముఖమునకు పారుపూత పనికిరాదు; అది కన్నులచుట్టు చేరి, బొమ్మ జ్వరపడి లేచినట్లుండును. చెక్కిళ్లక్రిందను, గడ్డముక్రిందను పొరపూతయే తగును. కుంచెను వెలుగువైపునుండి నీడవైపునకు లాగవలయును. ఏలయన కుంచె యెత్తినచోటనే రంగు ఎక్కువగా మిగులును. ఈ యొక్కకిటుకు తెలిసిన పని సగమైనట్లే.

నీడ యనగానే నలుపునకు చేయి చాచువారే యెక్కువ. మాకది రుచింపదు; పసుపుపై నలుపు మసివలె నంటుకొనును. పసుపునకు కావి, ఎఱుపునకు వంగపండు చాయ, ఆకుపచ్చకు ముదురునీలి, తెలుపునకు లేతబూడిద పొసగును. మా పంతులుగారు బడిపుస్తకములు దిద్దు ఎఱ్ఱసిరాను వాడుకొనుమని ఒకపరి ఉదారముగా నిచ్చిరి. సిరా వెలుగునకు వెలిసిపోవునని మేము గ్రహింపలేదు.

రంగులలో ఆక్రిలిక్ అనబడునవి ఈ పనికి మేలు. అవి నీటితో కలియునేగాని, ఆఱిన పిమ్మట నీటికి లేచిరావు. పిల్లలు బొమ్మలు వేసికొను పోస్టరు రంగులు అట్లు కావు. పైపూత తడికి అడుగుది కరగి బురద యగును.

ఇక పాతబొమ్మలకు ఈ పని చేయవచ్చునా? ఎల్లవానికిని కాదు. కాల్చని మట్టిబొమ్మ నీటికి నానిపోవును. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో చెక్కబడి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకబడి, సున్నపుపూత పొందినది. చెమ్మ దానికి శత్రువు. పాతరంగును గరుకుకాగితముతో గీకుటయు వలదు. ఇండ్లలో వాడు రంగులందు సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరునుండియే అమలునకు వచ్చినది. అంతకుముందటి రంగులలో సీసము హెచ్చుగా నుండవచ్చును. ఆ ధూళి పసిపిల్లలకు హాని. కుంచెమొనను నోటితో తడుపు అలవాటున్న వారును దానిని మానుకొనవలయును.

మా అత్తగారి పుట్టింటినుండి వచ్చిన రాజు, రాణి బొమ్మల జంట యొకటి మాయొద్ద కలదు. రాణిముక్కున రంగు రాలి కఱ్ఱ కనబడుచున్నది. పిల్లలు దిద్దుమని యడుగుచునే యున్నారు. మేము దానిని మాత్రము మెత్తని పొడికుంచెతో దులిపి, ఉన్నదున్నట్లుగా పైమెట్టున నిలుపుచున్నాము.