వెలగని టార్చిలో వెదకవలసిన చోటు

ఎల్‌ఈడీ టార్చిలైటు వెలగడం మానగానే బల్బు పోయిందనుకోవడం ఫిలమెంటు బల్బుల కాలం నాటి అలవాటు. ఆ బల్బుల్లో టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగుతూ, క్రమంగా ఆవిరై సన్నబడి, చివరకు ఒకచోట తెగిపోయేది కనుక అప్పట్లో ఆ అనుమానం చాలావరకు నిజమయ్యేది. ఎల్‌ఈడీలో అలా కాగే తీగ లేదు. రెండు రకాల అర్ధవాహక పొరలు కలిసే సంధి వద్ద ఎలక్ట్రాన్లు, ఎలక్ట్రాన్ల ఖాళీలైన రంధ్రాలలో చేరినప్పుడు విడుదలయ్యే శక్తే అందులో కాంతిగా వెలువడుతుంది. టార్చిలోని తెల్లని వెలుగు నిజానికి నీలి ఎల్‌ఈడీ కాంతి, దానిపై పూసిన ఫాస్ఫర్ పొడి ఇచ్చే పసుపు కాంతి కలిసి ఏర్పడినది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వేడి బయటికి పోయే దారి ఉంటే ఇటువంటి ఎల్‌ఈడీ వేల గంటలు వెలుగుతుంది కనుక, వెలగని టార్చిలో లోపాన్ని ముందుగా బ్యాటరీలోను, దానిని ఛార్జి చేసే సర్క్యూటులోను, స్విచ్చు పలకలలోను వెదకడం సబబు.

రాత్రివేళ పొలానికి వెళ్లే రైతు చేతిలోను, కరెంటు పోయిన ఇళ్లలోను కనిపించే చవక రకపు ఛార్జింగ్ టార్చిలలో సాధారణంగా 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. గోడ ప్లగ్గులోని 230 వోల్టులను దానికి తగినట్లు తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ వాడితే బరువూ ఖర్చూ పెరుగుతాయని, తయారీదారులు ఆ పనిని ఒక కెపాసిటర్‌కు అప్పగిస్తారు. దిశ మార్చుకునే ఏసీ విద్యుత్తును కెపాసిటర్ కొంత ప్రతిఘటిస్తూ పోనిస్తుంది. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 50 హెర్ట్జ్ వద్ద సుమారు 3,200 ఓములు అడ్డుపెట్టి, 70 మిల్లీఆంపియర్ల ప్రవాహాన్ని మాత్రమే దాటనిస్తుంది. ఆ తరువాత నాలుగు డయోడ్లు దానిని ఒకే దిశలో నడిచే డీసీగా మార్చి బ్యాటరీకి అందిస్తాయి. ఏర్పాటు తెలివైనదే గాని, ట్రాన్స్‌ఫార్మర్‌లా గోడ కరెంటు నుంచి వేరుచేసే ఏర్పాటు ఇందులో లేదు కనుక ప్లగ్గులో ఉన్నంతసేపు సర్క్యూటులోని ప్రతి భాగమూ ప్రాణాంతకమే. అందువల్ల టార్చిని ప్లగ్గు నుంచి తీసిన తరువాతనే మరలు విప్పాలి. విప్పిన పిదప కూడా కెపాసిటర్ రెండు కాళ్లను వేలితో తాకకుండా, కొన్ని వేల ఓముల నిరోధాన్ని వాటి మధ్య కాసేపు ఉంచి, మిగిలిన విద్యుదావేశాన్ని ఖాళీ చేయాలి.

టార్చి ఆయువును హరించేది కూడా ఈ పొదుపే. బ్యాటరీ నిండిందని గుర్తించి ప్రవాహాన్ని ఆపే ఏర్పాటు ఇటువంటి సర్క్యూటులలో చాలావాటికి లేదు. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీలోకి విద్యుత్తును ఇంకా నెడుతూ పోతే, అందులోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోయి, పలకల మధ్య తడి తగ్గి, లోపలి నిరోధం పెరుగుతుంది. దీనికి ఎదురుగా ఇంకొక మరణం ఉంది. ఖాళీ అయిన బ్యాటరీని నెలల తరబడి అలమరలో వదిలేస్తే పలకలపై సీసపు సల్ఫేటు పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, ఎంత ఛార్జి చేసినా తిరిగి కరగదు. మల్టీమీటరుతో కొలిచినప్పుడు ఛార్జి చేసిన వెంటనే 4 వోల్టులకు పైగా చూపిన బ్యాటరీ, స్విచ్చు వేయగానే 3 వోల్టులకు పడిపోతే, అది చనిపోయిందనే అర్థం; స్విచ్చు వేయకముందరి కొలత ఒక్కటే చూసి బ్యాటరీ బాగుందని తీర్మానించడం తరచుగా జరిగే పొరపాటు.

బ్యాటరీ నిలకడగా ఉన్నా వెలుగు రానప్పుడు బ్యాటరీని, స్విచ్చును కలిపే లోహపు పలకలను నిశితంగా చూడాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ కారిన చోట రాగి తీగ చివర నీలి ఆకుపచ్చ పొడి పేరుకుంటుంది. అది యాసిడ్ చేసిన పని కనుక వంటసోడా కలిపిన నీటితో తడిపిన దూదితో తుడవాలి. ఆల్కలైన్ సెల్లులతో నడిచే టార్చిలలో స్ప్రింగు మీద కనిపించే తెల్లని పొర దీనికి విరుద్ధమైనది. కారిన పొటాషియం హైడ్రాక్సైడు గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కార్బొనేటుగా మారి ఏర్పడిన క్షారం కావడం వల్ల, దానిని నిమ్మరసంతో గాని వెనిగర్‌తో గాని తుడిస్తే చిన్న బుడగలు లేచి విడిపోతుంది. ఏ పొర అయినా తరువాత తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఇంత శ్రద్ధ ఎందుకంటే, 1 ఆంపియర్ తీసుకునే శక్తిమంతమైన టార్చిలో చిలుము వల్ల ఒక్క ఓము నిరోధం చేరినా 1 వోల్టు అక్కడే వృథా అవుతుంది. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు అందకపోతే అది మసకబారడమో, అసలు వెలగకపోవడమో జరుగుతుంది.

ఎల్‌ఈడీల పలకను చివరన పరీక్షించవచ్చు. రెండు 1.5 వోల్టుల సెల్లులను వరుసగా కలిపి ప్లస్సును ప్లస్సుకు, మైనస్సును మైనస్సుకు తాకిస్తే ఆరోగ్యంగా ఉన్న ఎల్‌ఈడీ మసకగానైనా వెలుగుతుంది. తిరగేసి తాకిస్తే వెలగదు కనుక, అంతమాత్రాన అది పోయిందనుకోరాదు. కొత్త బ్యాటరీకి టంకం వేసేటప్పుడు కూడా ఈ దిశను, పాత బ్యాటరీ వోల్టేజిని తప్పక పాటించాలి. విప్పి తీసిన పాత బ్యాటరీలో సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి కనుక దానిని చెత్తకుండీలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఇటువంటి బ్యాటరీలను తిరిగి సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులదే.