భీమిలి తీరమున పన్నెండు రాత్రులు

సంక్రాంతి సంచికకు ముఖచిత్ర కథనముగా, చలికాలమున వెచ్చని చోట విశ్రాంతి నొందుటను గూర్చి వ్రాయవలెననియు, పండుగకు ముందరి గురువారము సాయంత్రమునకెల్ల ప్రతి తమ చేతి కందవలెననియు మా సంపాదకులు ఆదేశించినప్పుడు, సముద్రము, సూర్యోదయము, సరుగుడు తోటల నీడ, వీనికి తగిన నాలుగు మాటలు కూర్చుటయే నా పని యనుకొని భీమునిపట్నమునకు బయలుదేరితిని. వెంట మా అక్కయ్య వచ్చినది. ఆమెకు అరువదియేడేండ్లు. మోకాళ్ళ అరుగుదల, భోజనానంతరము ఛాతీలో మంట, సాయంత్రమగుసరికి పాదములలో వాపు, వీని మూలమున రాత్రివేళ నాలుగైదు పర్యాయములు లేచుట: ఇందు ఏ యొక్కటియు ప్రాణాపాయకరము కాదు, అన్నియు కలిసి నిద్రను మాత్రము హరించినవి. “ఈ నొప్పులు తగ్గాక ఎక్కడికైనా వెళ్దాంలేరా” అని నాలుగేండ్లుగా ప్రయాణములను వాయిదా వేయుచు వచ్చిన మనిషి ఆమె.

ఆమెకు వైద్యులొక పని చెప్పియుండిరి. పడుకొన్న వేళ, నిద్రపట్టినదని తోచిన వేళ, లేచిన పర్యాయములు, లేచిన కారణము, పగటి కునుకు, కాఫీలు అను గడులు గీసిన చిన్న పుస్తకమున ప్రతి ఉదయమును ముందటి రాత్రి సంగతి వ్రాయుట. నేను తీసిన ఛాయాచిత్రములకంటెను, పోగుచేసిన సమాచారముకంటెను ఆ పుస్తకమే సజీవమైనదని మూడవనాటికే నాకు తెలిసిపోయినది. ఆమె యనుమతితో దానినే ఇక్కడ విప్పుచున్నాను.

మొదటి రాత్రి గడిలో ఇట్లున్నది: “తొమ్మిదికి పడుకున్నా. పన్నెండున్నర దాకా పట్టలేదు. నాలుగుసార్లు లేచా. కెరటాల చప్పుడు లారీల చప్పుడులా ఉంది. అనవసరంగా వచ్చాం.” ఆ చివరి మాట చదివి నా మనస్సు చివుక్కుమన్నది. అయితే క్రొత్త చోట తొలిరాత్రి నిద్ర పలుచబడుట ఆమె యొక్కతె దౌర్భాగ్యము కాదు; అట్టి రాత్రి మెదడులో ఒక అర్ధభాగము రెండవదానికంటె మెలకువగా నుండి కాపలా కాయునని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించియున్నారు. రెండు దినముల విహారమునకై పరుగిడి, తిరిగివచ్చి, పోయినప్పటికంటె అలసితిమని వాపోవువారు ఈ సంగతి నెరుగుట మేలు.

మూడవ రాత్రి: “మంట. కూర్చున్నా. రెండు ఇరవై. మళ్ళీ చూస్తే మూడు పది.” మరునాడు గడియారమును, సెల్‌ఫోనును నా గదిలో నుంచితిమి, గడియలు లెక్కించుకొలది నిద్ర దూరమగునని వైద్యులు ముందే హెచ్చరించియుండిరి. రాత్రి భోజనమును ఏడింటికి మార్చితిమి. బస చూచుకొను కుర్రవాడు, “అమ్మగారూ, పక్కన ఇల్లు కడుతున్నారండీ, అడిగి తెస్తాను” అని నాలుగు ఇటుకలు తెచ్చి, మంచము తలవైపు కోళ్ళ క్రింద రెండేసి చొప్పున నిలిపినాడు. దిండ్లు పేర్చిన నడుము వంగి కడుపు నొక్కుకొనును. మంచమే జానెడు లేచినచో జఠరరసము పైకెగయుట తగ్గును. ఎడమవైపు తిరిగి, మోకాళ్ళ నడుమ నొక మెత్తని తలగడ నుంచుకొని ఆమె పడుకొన్న ఆ నాలుగవ రాత్రి గడిలో, “మంట లేదు. ఎన్నింటికి పట్టిందో తెలియదు” అని యున్నది.

అయినను లేచుట మానలేదు. దీనికి కారణము పాదములలో దొరకినది. గుండెకు, మూత్రపిండములకు దోషము లేదని వైద్యులు పరీక్షించి చెప్పిన వాపే యది. పగలెల్ల కాళ్ళలో దిగి నిలిచిన నీరు, మనిషి పడుకొన్నంతనే తిరిగి రక్తములో కలిసి మూత్రమై వెలువడును. అందుచేత రాత్రి మంచినీరు మానుకొనుటకంటె, పగటివేళనే ఆ నీటికి దారి చూపుట యుక్తము. ఐదవనాటినుండి మధ్యాహ్నము ఒక గంటసేపు కాళ్ళను దిండ్లపై నెత్తి, వరండాలో సముద్రమును చూచుచు ఆమె పడుకొనెడిది. “కళ్ళు మూస్తే అరగంటకి లేపరా” అని నాకు ఆజ్ఞ. ఏడవ రాత్రి గడి: “రెండుసార్లే. రెండోసారి లేచి కిటికీ దగ్గర నిలబడ్డా. పడవల దీపాలు. బాగుంది.” లేచినదానిని గూర్చి “బాగుంది” అని ఆమె వ్రాయుట పుస్తకమంతటిలో అదియే మొదలు. ఆ మాట చూచినప్పుడు నాకు కలిగిన సంతోషము సూర్యోదయము చూచినప్పుడు కలుగలేదు.

వెచ్చదనము చేసిన మేలును నేను కాదనను. హైదరాబాదు పుష్యమాసపు వేకువలో బిగిసికొనిపోవు ఆ మోకాళ్ళు ఇక్కడ ఆరున్నరకే ఇసుకలో నడచినవి. ఉదయకాంతి కన్నులబడుటచే దేహములోని కాలగణన సరిపడి, రాత్రి నిద్ర తన వేళకు వచ్చును. కాని సముద్రతీరమే సర్వరోగహారి యను ప్రకటనలను నేను నమ్మను. వైశాఖములో ఇదే తీరమున ఉక్కపోతకు చెమట యారక, మేను చల్లబడక రాత్రులు నరకమగును. నిద్రకు కావలసినది వేడిమి కాదు, వేడిమి వెడలిపోవుట. పాదములు వెచ్చనై అచ్చటి రక్తనాళములు వికసించినప్పుడు దేహాంతర్భాగపు ఉష్ణము బయటికి పోయి నిద్ర శీఘ్రముగా పట్టునని స్విట్జర్లాండులోని బాసెల్ పరిశోధకులు 1999లో వెల్లడించిరి. రాత్రి తొమ్మిదింటికి గోరువెచ్చని నీటిలో పాదము లుంచుకొనుట అక్కయ్యకు అలవాటైనది. చరకసంహిత సూత్రస్థానము ఇరువదియొకటవ అధ్యాయమున, తప్పిన నిద్రను రప్పించు సాధనములుగా తైలాభ్యంగము, స్నానము, పాలు, పెరుగన్నము, మెల్లగా ఒత్తుట మొదలగువానిని చెప్పుచు, వాని సరసననే మనస్సుఖమును కూడ ఎంచియున్నారు. నాకు ఆ గ్రంథమునందు గల ప్రీతికి ఆ యొక్క పదమే చాలును.

ఊరి చరిత్ర గూర్చి సంపాదకులు అడిగిరి గనుక క్లుప్తముగా: పావురాలకొండపై బౌద్ధ విహార శిథిలములు, 17వ శతాబ్దమున డచ్చివారి వర్తకస్థానము, వారి సమాధులు, 1825లో ఆంగ్లేయుల వశమగుట, 1861లో పురపాలక సంఘము, ప్రక్కనే సముద్రములో కలియు గోస్తని, ఇవన్నియు సావకాశముగా చూచి తెలిసికొనదగినవి, కాని అక్కయ్య మోకాళ్ళు కొండ యెక్కనీయలేదు.

పెట్టెలో మిగిలినవి
కాఫీలోని ఉత్తేజక ద్రవ్యములో సగము దేహమును వీడుటకు సుమారు ఐదారు గంటలు పట్టును. మా సాయంత్రపు కాఫీ మధ్యాహ్నము రెండింటికి జరిగినది. గట్టిగా గురక పెట్టుచు మధ్యమధ్య ఊపిరి నిలిచిపోవువారు, పగలెల్ల కునికిపాట్లు పడువారు విహారమునకంటె ముందు వైద్యుని చూడవలెను. నీరు వెడలించు మాత్రల వేళను స్వయముగా మార్చుకొనరాదు. పడుకొని చాలసేపైనను నిద్ర రానిచో మంచము దిగి కూర్చుండి, కన్నులు బరువెక్కిన పిదప మరల చేరవలెను.

పన్నెండవ రాత్రి: “ఒకసారి లేచా. మోకాలు నొప్పిగానే ఉంది. పది ముప్పావు నుంచి అయిదున్నర దాకా పడుకున్నాననుకుంటా.” పుస్తకమంతయు వెదకినను ఇంతకంటె మంచి రాత్రి లేదు, సంపూర్ణారోగ్యవంతునకు ఇది సామాన్యమైన రాత్రి.

నిన్న, ఈ ప్రతి ముగించుచుండగా ఆమె యింటినుండి ఫోను చేసినది. “అబ్బాయి ఇటుకలు తెచ్చాడురా. కడిగి డాబామీద ఆరబెట్టాను. రాత్రికి మంచం ఎత్తడానికి ఇంకొకరు కావాలి, రాసుకోవడం అయితే ఇలా రా.”